ఎడమ పక్కన కొమరయ్య

పెత్రమాసకు నాలుగు రోజులు ఉందనగా మా ఇంట్లో తాత ఫోటోకు చెద పట్టింది. దుమ్ము దులుపుదామని అమ్మ దించితే వెనక అట్ట పొడిపొడిగా రాలింది. పెత్రమాస నాడు మేం పెద్దల పేరు మీద బియ్యం ఇస్తాం. నాన్న ఏటా ఆ ఫోటోకు బంతిపూల దండ వేసి, దాని ముందర చేటలో బియ్యం, కూరగాయలు పెట్టి, దండం పెట్టుకుని అయ్యగారికి ఇస్తాడు. ఫోటో లేకుండా ఎట్లా అని, కల్లూరు బస్టాండు ఎదురుగా ఉన్న ఖాదర్ భాయ్ దుకాణానికి నాతో పంపించాడు. ఫ్రేములు కట్టడం ఖాదర్ భాయ్‌కి వాళ్ల నాన్న నేర్పిన పని.

గంట తర్వాత ఖాదర్ భాయ్ ఫోన్ చేశాడు. "అక్కా, పెద్ద ఫోటో వెనక ఇంకో చిన్న ఫోటో ఉంది. దాంట్ల ఇద్దరున్నరు. వచ్చి చూడు."

వెళ్లి చూశాను. అరచేయంత ఫోటో. వెనక స్టూడియో తెర, తెర మీద గీసిన స్తంభాలు, మెట్లు. ముందర ఇద్దరు కుర్రవాళ్లు భుజాలు ఆనించి నిలబడ్డారు. ఎడమ పక్కనున్నది మా గోడ మీది తాత. కుడి పక్కనున్న మనిషికి ముక్కు కింది నుంచి గడ్డం దాకా తెల్లటి మరక, మూతి కనపడదు. వెనక పెన్సిల్‌తో రెండు వరుసలు రాసి ఉన్నాయి. ఎడమ కొమరయ్య, రేగులగుంపు. కుడి రాజయ్య, వేంసూరు.

ఇంటికి తెచ్చి నాన్నకు చదివి వినిపించాను. ఆయన మంచం మీద నుంచి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

ఇక్కడ కొంత చెప్పాలి. నాన్నకు అరవై ఎనిమిదేళ్లు. ఆయన తన తండ్రిని చూడలేదు. మూడు నెలల పిల్లవాడిగా ఉయ్యాలలో ఉండగా, కొత్తగూడెం బొగ్గుబాయి దగ్గరి గుడిసెల్లో తాత జ్వరంతో పోయాడు. నానమ్మ కొడుకును తీసుకుని కల్లూరులో అన్న ఇంటికి వచ్చేసింది. నాన్నకు ఎనిమిదేళ్లప్పుడు ఆమె కూడా పోయింది. ఆ కాలపు ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో పలికేవాళ్లు కాదు. బడిలో చేర్పించేటప్పుడు సారు తండ్రి పేరు అడిగితే, నానమ్మ బాయి వాళ్లిచ్చిన కాగితం చేతికిచ్చిందట. అందులో కొమరయ్య అని ఉంది. సారు అదే రాశాడు. నాన్న కాగితాలన్నింట్లో అదే పేరు. ఆమె నోటితో చెప్పింది ఒక్కటే, "మీ అయ్యది వేంసూరు" అని.

ఇరవై ఏళ్లప్పుడు నాన్నకు ఆమె రేకుపెట్టెలో ఈ ఫోటో దొరికింది. అప్పటికి మేనమామ కూడా లేడు. పెద్దది చేయించడానికి ఖమ్మంలో ఒక స్టూడియోకు తీసుకువెళ్లాడు. స్టూడియో అతను వెనక తిప్పి చూసి, ఎడమ పక్కన కొమరయ్య అన్నాడు, రెండో మనిషి మూతి ఎటూ చెడిపోయిందన్నాడు. ఊళ్ల పేర్లు ఆయన చదవలేదు. నాన్న చదువు మూడో తరగతిలో ఆగింది, అడగలేదు. పెద్దదాని వెనకే చిన్నది పెట్టి ఫ్రేము కట్టించుకున్నాడు.

"వేంసూరాయన కుడిపక్కనున్నడు" అన్నాడు నాన్న. "మరి నేను గిన్నేండ్ల సంది దండ వేసేది ఎవలికి?"

పేర్లు తారుమారుగా రాసి ఉంటారని అమ్మ సర్దిచెప్పబోయింది. నాన్న వినలేదు. "రేగులగుంపుకు పోయి కనుక్కోని రా బిడ్డా. మా అయ్యకు ఇన్నేండ్లు ఎవ్వలూ పెట్టలేదో ఏమో. ఎవలికో తెల్వకుండ ఈసారి బియ్యం ఎట్ల ఇస్త?" ఆయన మోకాళ్లు బస్సు మెట్లు ఎక్కనివ్వవు. నేను బస్టాండు ఎంక్వైరీలో పనిచేస్తాను. పందొమ్మిదేళ్లుగా ఏ బస్సు ఎప్పుడో చెప్పడమే నా ఉద్యోగం, ఎక్కింది తక్కువ. రెండు రోజులు సెలవు పెట్టాను.

శుక్రవారం ఉదయం 5.50కి కల్లూరులో తల్లాడ బస్సు ఎక్కాను. ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి కండక్టర్ ఆధార్ చూసి సున్నా టికెట్ ఇచ్చాడు. 6.25కి తల్లాడలో దిగి టీ తాగాను. ఖమ్మం నుంచి కొత్తగూడెం వెళ్లే బస్సు 6.50కి రావాలి, 7.20కి వచ్చింది. కౌంటర్ ఇవతల నిలబడి చూస్తే ముప్పై నిమిషాలు ఎంత పొడుగో తెలిసింది.

ఏన్కూరు దాటాక దారికి రెండు వైపులా పత్తి, మక్క. జూలూరుపాడులో ఒక పెద్దాయన ఎక్కి నా పక్క సీట్లో కూర్చున్నాడు. ముంజేతుల మీద నీలం రంగు మచ్చలున్నాయి. గాయంలోకి బొగ్గుపొడి పోతే ఆ మచ్చ ఎప్పటికీ పోదు. బాయి పనిచేశారా అని అడిగాను. ముప్పై మూడేళ్లు చేసి రిటైరయ్యానన్నాడు. ఫోటో సంగతి చెప్పాను. ఆయన చూడకుండానే తల ఊపాడు.

"మీ తాత మారుపేరోడు బిడ్డా."

"మారుపేరంటే ఏంది?"

"భర్తీ అయినోడొకడు, బాయిల దిగినోడొకడు. ఆ కాలంల మస్తుమంది గట్లనే. పేరొచ్చినోడు భయపడి ఊరికి ఉరికేటోడు. పేరు రానోడు వాని పేరు మీద దిగేటోడు. నాతోని పనిచేసిన మల్లయ్య ఉండె. రిటైరైనంక వాళ్లూరికి పోయి మల్లయ్య ఇల్లేదంటే ఎవ్వలికి తెల్వదు. ఆడ వాడు ఎల్లయ్య."

"ఇంట్లో వాళ్లకు చెప్పేవాళ్లు కాదా?"

"చెప్తే పిల్లలు బయట అంటరు. బయట అంటే నౌకరి పోతది. జీవితమంతా నోరు మూసుకునుడే" అని, కిటికీ వైపు తిరిగి కునుకు తీశాడు.

9.10కి కొత్తగూడెం. బస్టాండు బయట ఇడ్లీ తిన్నాను, ముప్పై రూపాయలు, చట్నీ మళ్లీ అడిగితే విసుక్కోకుండా వేశారు. 9.40కి భద్రాచలం బస్సు. పాల్వంచ దాటాక అడవి దగ్గరికొస్తుంది. వంతెన మీదికి వచ్చేసరికి బస్సులో అందరూ కిటికీల వైపు వంగారు. గోదావరి ఎర్రగా, ఒడ్డుల దాకా నిండి ఉంది. నా వెనక సీటు ఆమె చేతులు జోడించి "ఇంగ పెరగకు తల్లీ" అంది.

11.15కి భద్రాచలంలో దిగి ఎంక్వైరీకి వెళ్లాను. రేగులగుంపు దుమ్ముగూడెం రోడ్డులో ఉంది. దారిలో వాగు రోడ్డు మీదికి వచ్చింది, పొద్దుటి నుంచి బస్సులు పోవడం లేదు. ఎప్పుడు పోతాయని అడిగితే కిటికీ లోపలతను తల ఎత్తకుండా "నీళ్లు తగ్గినప్పుడు" అన్నాడు. పందొమ్మిదేళ్లలో నేను ఎంతమందికి ఇట్లా చెప్పానో లెక్కలేదు. తనదాకా వస్తే గాని తెలియదు.

గుడి వెనక వీధిలో ఒక లాడ్జిలో గది తీసుకున్నాను, కిరాయి ఆరు వందలు. వేడినీళ్లు ఉన్నాయన్నారు, రాలేదు. అన్నం తిని, దర్శనం చేసుకుని, మూడు గంటలకు కరకట్ట మీదికి వెళ్లాను. ఘాట్ మెట్లు సగం మునిగాయి. మెడలో కెమెరా, భుజాన ప్రింటర్ సంచి వేసుకున్న ఒకాయన "ఫోటో మేడం, ఐదు నిమిషాల్ల చేతిలుంటది" అంటూ వచ్చాడు. నాకు ఫోటో వద్దని, సంచిలోంచి మా ఫోటో తీసి ఈ మరక పోతుందా అని అడిగాను. ఆయన దాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"ఇది మరక కాదు మేడం. చెయ్యి."

"చెయ్యా?"

"ఆ కాలం కెమెరాకు ఒకటి, రెండు అని లెక్కపెట్టే దాంక కదలకుండ నిలబడాలె. ఈయన చెయ్యి లేపిండు. కదిలిన చెయ్యి గిట్ల తెల్లగ అలుక్కపోతది. చూడుండ్రి, ఇటుపక్క చెయ్యి కిందికి లేదు."

చూశాను. నిజమే, ఆ మనిషికి ఒక చెయ్యే వేలాడుతోంది. మేమెవ్వరమూ గమనించలేదు.

ఆ సాయంత్రం నాన్న రెండుసార్లు ఫోన్ చేశాడు. రేపు చెప్తానన్నాను. సగం తెలిసిన సంగతి చెప్పకూడదని మా కౌంటర్ నేర్పిన పాఠం.

శనివారం వాగు తగ్గింది. 7.15 బస్సు 7.30కి కదిలింది. వాగు మీద డ్రైవర్ నడకకన్నా నెమ్మదిగా పోనిచ్చాడు. 8.35కి రోడ్డు మీద దిగి, షేర్ ఆటో ఎక్కాను. ఆటోలో ఉన్న నలుగురు ఆడవాళ్లు కోయ భాషలో మాట్లాడుకుంటున్నారు, నాకు ఒక్క ముక్క రాదు. నా గొడుగు చూసి ఏదో అని నవ్వారు. గొడుగుకు రెండు ఊచలు విరిగాయని దిగాక తెలిసింది.

రేగులగుంపులో ఇరవై ఇళ్లుంటాయి. కొమరయ్య ఇల్లు అడిగితే ఇట్టే చూపించారు. పెంకుటిల్లు. గోడ మీద నడుము ఎత్తున వరద గీత ఉంది. పంచలో ఒక ముసలావిడ మంచం మీద కూర్చుని చింతకాయ తొక్కు కలుపుతోంది. పేరు ముత్తమ్మ, కొమరయ్య భార్య. కోడలు సరోజ నాకు కుర్చీ వేసి మంచినీళ్లిచ్చింది. వచ్చిన పని చెప్పి, ఫోటో ముత్తమ్మ ముందర పెట్టాను.

"అవ్వా, వీళ్లల్లో కొమరయ్య గారు ఎవరు?"

ముత్తమ్మ నా వైపు చూసి ఊరుకుంది. మళ్లీ అడిగాను. తల పక్కకు తిప్పుకుంది. సరోజ మాత్రం నవ్వింది.

"మా అత్త ఆ పేరు అనదక్కా. మామ పోయి మూడేండ్లయింది, ఇప్పటికీ అనదు."

"అనొద్దు అవ్వా. చూపిస్తే చాలు."

ముత్తమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఫోటో దగ్గరికి తీసుకుని, ఎడమ పక్క మనిషి మీద వేలు పెట్టింది. "గీయన మా ఇంటాయన. నా లగ్గం నాటికి గిట్లనే ఉండె." తర్వాత వేలు కుడికి జరిపింది. "గీయన రాజయ్య బావ. ఈయన దోస్తు."

వేలు ఆ ఫోటో మీదే ఉంచి ఆమె చెప్పింది. కొమరయ్య బాయిలో భర్తీ అయ్యి రెండు రోజులు దిగాడు. మూడో రోజు పైకప్పు చప్పుడు విని పైకి వచ్చి, ఇక దిగనన్నాడు. అదే గుడిసెలో ఉన్న రాజయ్య పని కోసం రోజూ గేటు దగ్గర నిలబడి తిరిగి వస్తున్నాడు. వేంసూరులో ఆయనకు ముందూ వెనకా ఎవరూ లేరు.

"ఈయన బాయోళ్లిచ్చిన హాజరు బిళ్ల తీసి చేతుల పెట్టిండట. నా పేరు నీకు పనికొస్తే పట్టుకపో అన్నడట. ఊరికెనే. ఆ పొద్దే ఇద్దరు పోయి ఫోటో దిగిండ్రు. చెరొకటి తీసుకున్నరు. మాది పెట్టెతో సహా వరదల పోయింది."

"ఆయన చనిపోయినట్టు మీకెట్లా తెలిసింది?"

ముత్తమ్మ నవ్వింది. "బాయి కాడ కొమరయ్య సచ్చిండని కబురొచ్చింది బిడ్డా!" అని నాలుక కరుచుకుంది. నోట్లోంచి పేరు వచ్చేసింది. సరోజ నోరు తెరిచి చూస్తోంది. ముత్తమ్మ చెంపలు వేసుకుని, తనే మళ్లీ అందుకుంది. "మా అత్తగారి తమ్ముడు, ఇంకొందరు ఏడ్చుకుంట వచ్చిండ్రు. ఈయన పొలంల నాగలి పట్టుకోని ఉన్నడు. వాళ్లు ఈయన్ని చూసి భయపడి ఉరికిండ్రు. అప్పుడు ఈయనకు సమజైంది, పోయింది రాజయ్య అని. కొత్తగూడెం నడిచి పోయిండు. రాజయ్య పెండ్లాం, పిలగాడు ఏడున్నరంటే, రాజయ్య ఎవలు అన్నరట. కొమ... ఆ పేరు చెప్పి అడిగితే, పుట్టింటికి పోయింది, ఏ ఊరో తెల్వదన్నరు. తిరిగొచ్చిండు."

ఇక నా వంతు. ఫోన్‌లో మా గోడ మీది ఫోటో తీసి చూపించాను. నిరుడు పెత్రమాస నాటిది. ఎడమ పక్క మనిషి ఒక్కడే, నిలువెత్తు బంతిపూల దండతో. నాకు సిగ్గేసింది. మీ ఆయన బతికుండగానే మా ఇంట్లో దండ వేశామని చెప్పడం ఎవరికి సుళువు? తప్పయిందన్నాను.

ఆమె ఫోన్ కళ్లకు ఆనించుకుంది. కంటి నీళ్లు తుడుచుకుంది. దించేసరికి నవ్వుతోంది.

"సచ్చిండని పుకారు పుడితే ఆయుష్షు పెరుగుతదంటరు. మీరు ఏటా దండనే వేసిరి. గందుకే తొంబై దగ్గర దాంక ఉన్నడు. దండలు మీరు వేసిండ్రు, బువ్వ నేను పెట్టిన."

పెత్రమాస ఎల్లుండేనని, నాన్న ఎవరి పేరు మీద బియ్యం ఇవ్వాలో తెలియక కూర్చున్నాడని చెప్పాను.

"మీ తాతకు మేమిస్తనే ఉన్నం గద" అంది ముత్తమ్మ, తెలియదా అన్నట్టు. "నా పేరు మోసుకుంట పోయిండు, వానికి ఎవలున్నరు అని ఈయన ఏటా ఒక పాలు బియ్యం ఇచ్చేటోడు. ఇప్పుడు కొడుకు ఇస్తుండు. అడుగు సరోజను."

సరోజ అవునంది. ఎవరికి ఇస్తున్నామో తనకూ ఈరోజు దాకా తెలియదంది. మామ చెప్పాడు కాబట్టి చేటలో ఒక కుప్ప ఎక్కువ పోస్తారట.

లేచేముందు ఆ చెయ్యి సంగతి అడిగాను. ఫోటో దిగేటప్పుడు ఎందుకు లేపి ఉంటాడని.

"ఎందుకేంది, నవ్వొచ్చి ఉంటది. మా లగ్గానికి వచ్చినప్పుడు చూసిన. నవ్వితే మూతికి చెయ్యి అడ్డం పెట్టుకునేటోడు. పండ్లు మంచిగనే ఉండె. గదో అలవాటు."

చింతకాయ తొక్కు ఒక డబ్బాలో పెట్టిచ్చారు. గోడ మీది పెద్ద ఫోటో తెచ్చిస్తానని మాట ఇచ్చాను. 12.40కి రోడ్డు మీద బస్సు దొరికింది. భద్రాచలంలో పెరుగన్నం తిని 2.30 బస్సు ఎక్కాను. కొత్తగూడెం 4.15. తల్లాడ బస్సులో కిటికీ సీటు దొరికాక నాన్నకు వీడియో కాల్ చేశాను.

"ఎవలు?" అన్నాడు, హలో కూడా అనకుండా.

"కుడిపక్కాయన."

"మూతి చెడిపోయినాయనా?"

"అవ్ నాయినా. రాజయ్య."

ఆయన ఆ పేరు ఒకసారి మెల్లగా అనుకున్నాడు. బియ్యం సంగతి చెప్పాను. ఇన్నేళ్లూ కొమరయ్య ఇంట్లో రాజయ్య పాలు తీసిపెట్టారని. నాన్న తెరలోంచి పక్కకు జరిగాడు. కాసేపు మా ఇంటి గోడ, మేకు మాత్రం కనపడ్డాయి. "అయితే ఆకలితోని లేడు" అన్న మాట వినపడింది. అమ్మ ఏదో అంటూ మంచినీళ్లు తెచ్చింది.

ఆయన్ని తేలిక పరుద్దామని, కొమరయ్య చచ్చాడని ఏడ్చుకుంటూ వచ్చినవాళ్లు నాగలి పట్టుకున్న కొమరయ్యను చూసి పారిపోయిన కథ చెప్పాను. నాన్న నవ్వాడు. నవ్వుతూ కుడిచెయ్యి లేపి మూతికి అడ్డం పెట్టుకున్నాడు.

నా పెళ్లి ఆల్బంలో నాన్న ప్రతి ఫోటోలోనూ అట్లాగే ఉంటాడు. ఫోటో అతను చెయ్యి తీయండని చెప్పీ చెప్పీ విసిగిపోయాడు. అది ఎవరి అలవాటో అని ఎప్పుడూ ఎవరమూ అనుకోలేదు.

"నాయినా, ఆ ఫోటోల ఉన్నది మరక కాదు, చెయ్యి. నవ్వొస్తే అడ్డం పెట్టుకునేటోడట" అన్నాను. "నీ చెయ్యి ఏడున్నదో చూసుకో."

తెర మూలన తన బొమ్మ ఉండే చిన్న గడిలోకి నాన్న చూసుకున్నాడు. చెయ్యి తీయలేదు. ఏన్కూరు దగ్గర సిగ్నల్ పోయింది, అప్పటికి కూడా తీయలేదు.

వెళ్లదలచుకున్నవాళ్లకు చెప్పేదేమంటే, వానాకాలం దుమ్ముగూడెం రోడ్డుకు ఒక రోజు ఎక్కువ పెట్టుకోవాలి, వాగు ఎవరి టైంటేబులూ చూడదు. బస్సులు ఆలస్యమైనా వస్తాయి. దారిలో అడిగినవాళ్లు అడిగినదానికన్నా ఎక్కువే చెబుతారు. మా ఇంటి నుంచి అక్కడికి రెండు వందల కిలోమీటర్లు కూడా లేదు. మాకు అరవై ఎనిమిదేళ్లు పట్టింది.

6.45కి కల్లూరులో దిగాను. ఖాదర్ భాయ్ ఇంకా దుకాణంలోనే ఉన్నాడు. ఈసారి కుడిపక్క మనిషిని పెద్దది చేయమని చిన్న ఫోటో ఇచ్చాను. ఆయన దాన్ని దీపం కిందికి తీసుకెళ్లి చూశాడు.

"ఫికర్ లేదక్కా. కంప్యూటర్ల ఈ మరక తీసేసి మూతి మంచిగ చేపిస్త."

"వద్దు భాయ్. అది గట్లనే ఉండనియ్" అన్నాను. "అదే మా తాత."